ఖాళీ గడి

అంబులెన్సు గుమ్మకొండ దాటిందని వైర్‌లెస్‌లో కబురొచ్చినప్పుడు వాగ్దేవి టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. లంబసాల ఆసుపత్రి గేట్లోకి వచ్చేసిందని రెండో కబురు వచ్చేసరికి ఆ టీ ఇంకా నోరు కాలేలాగే ఉంది. ఘాట్ రోడ్డు మీద పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి గాని చేరని దూరం అది. గదిలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ పురుషోత్తం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకున్నది అద్దాలో కళ్ళో ఎవరూ అడగలేదు.

వాగ్దేవి మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమె తమ్ముడు నరహరి కొండ మీదికి వెళ్ళి ఇది మూడో రోజు. చివరి మేకు పాతేసి ఆ సాయంత్రానికే తిరిగి రావలసినవాడు.

"వాడికి అడవి కనిపిస్తే ఇల్లు గుర్తుండదు కదమ్మా," అన్నారు పురుషోత్తం గారు. "ఏ తేనెపట్టు కిందో కూర్చుని ఉంటాడు."

కావచ్చు. నరహరి అలాంటివాడే. కానీ వైర్‌లెస్ చేతిలో పెట్టుకుని మూడు రోజులు నోరు మూసుకుని ఉండటం మాత్రం వాడి వల్ల అయ్యే పని కాదు.

గది మధ్యలో పెద్ద గాజుబల్ల. దాని మీద ఆ మన్యమంతా పటంగా వెలుగుతోంది. కొండల మీద పాతిన ఇనప మేకులన్నిటికీ ఆ బల్లతో లంకె. మామూలు పటాన్ని నేలను చూసి గీస్తారు. ఈ బల్ల మీద పటాన్ని ఎలా గీస్తే నేల అలా మసలుకుంటుంది. గుమ్మకొండనూ లంబసాలనూ పటంలో దగ్గరకు జరిపితే, నేల మీద వాటి మధ్య నడక తగ్గిపోతుంది. కొండలు కదలవు, చెట్లు కదలవు, అక్షాంశ రేఖాంశాల అంకెలు కూడా కదలవు. దూరం ఒక్కటే మారుతుంది. చుట్టుపక్కల జనం దానికి మడత యంత్రం అని పేరు పెట్టేశారు. వాగ్దేవి పెట్టిన పొడుగాటి సంస్కృతం పేరు కాగితాల్లోనే మిగిలిపోయింది.

మేకులు నేలకు కుదురుకోవడానికి మూడు రోజులు పడుతుంది. కుదురుకున్నాక యంత్రం ఉన్నా ఊడినా ఒకటే, మారిన దూరాలు మారినట్టే ఉండిపోతాయి. ఈ సాయంత్రం పొద్దు పెద్దకొండ వెనక్కి దిగేసరికి ఆ గడువు నిండుతుంది. ఆ మాట అందరికీ పండగలా ఉంది. వాగ్దేవి మాత్రం పొద్దుట్నించీ వైర్‌లెస్ పక్కనుంచి కదలలేదు.

వారం కిందట క్వార్టర్సులో, భోజనాలయ్యాక, నరహరి ఈ దూరాల సంగతే కదిపాడు.

"అది సరే గాని అక్కా, ఇక్కడ తగ్గిన దూరం ఎటు పోద్ది?"

వాగ్దేవి బత్తాయి వలిచి, తొక్కను చెక్కు చెదరకుండా వాడి ముందు పెట్టింది. "దీన్ని పీట మీద చదునుగా పరుచు, చూద్దాం."

వాడు అరచేత్తో నొక్కాడు. తొక్క రెండు చోట్ల పుటుక్కున చిరిగింది.

"చూశావా? గుండ్రటిదాన్ని చదును చేస్తే ఎక్కడో ఒకచోట చిరగాలి, లేకపోతే సాగాలి. అందుకే ప్రతి పటంలోనూ ఒక అబద్ధం ఉంటుంది. మన బళ్ళో గోడకు వేలాడే ప్రపంచ పటం గుర్తుందా? గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికాలో పద్నాలుగు గ్రీన్‌లాండ్లు పడతాయి. ఆ పటం గీసినాయన తన అబద్ధాన్ని ధ్రువాల వైపు తోసేశాడు, ఓడలవాళ్ళు అటు పోరు కదా అని."

"ధ్రువం దగ్గర ఎంత సాగింది మరి?"

"ధ్రువం ఆ పటంలో లేనేలేదురా. ఎంత పొడుగు కాగితం తెచ్చినా అక్కడిదాకా చాలదు."

నరహరి చిరిగిన తొక్కను వేలితో దగ్గరికి జరిపాడు. "నీ అబద్ధం ఎటు తోసేవు?"

"పెద్దకొండ వెనక ఒక గడి ఉంది. పటంలో తెల్లగా, ఖాళీగా. ఇక్కడ తగ్గిన దూరమంతా అక్కడ సాగుతుంది. అక్కడెవరూ ఉండరు."

"ఉండరని ఎవరు చెప్పేరు?"

"పటం."

"పటం ఎవరు గీసేరు?"

"నేనేరా!"

"అదీ సంగతి," అని వాడు పకపకా నవ్వాడు. వాగ్దేవి తొక్క తీసి వాడి మీదికి విసిరింది. వాడు తప్పుకుని, మిగిలిన బత్తాయి తొనలన్నీ తానే తినేశాడు. తెల్లారి ఆ తెల్లగడి అంచున చివరి మేకు పాతే పని నాకివ్వమని పురుషోత్తం గారిని అడిగి మరీ తీసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ వైర్‌లెస్ గరగరలాడింది. ముందు ఏమీ అర్థం కాలేదు. వాగ్దేవి చెవికి ఆనించుకుని మీట తిప్పుతూ పోయింది.

"...అక్కా... వినబడతందా..."

"ఒరే నరహరీ! ఎక్కడున్నావురా?"

"గడిలో. నీ ఖాళీ గడిలో." గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "రెండ్రోజులై పిలుస్తన్నాను. ఇప్పటికి అందింది. మేకు పాతేక కోడి కూసిందక్కా. అడవికోడి కాదు, పెంపుడు కోడి. చూద్దామని లోపలికొచ్చేను. ఇక్కడ ఊరుంది."

వాగ్దేవి వైర్‌లెస్‌ను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"సీకాయగరువంట పేరు. గట్టిగా చూస్తే పదిహేను గడపలు. నేనున్నప్పుడే మీరు యంత్రం వేసినట్టున్నారు. చూస్తుండగానే ఎదురిల్లు చుక్కంతై పోయింది. ఊట వీధి చివరే ఉండేది, పొద్దున్న కుండ పట్టుకెళ్ళినోళ్ళు మర్నాటికి గాని రాలేదు. గురువారి అని ఒకమ్మి చోళ్ళు దంచుదామని ఎదురింటికెళ్ళింది. చంటోడు ఇంటి దగ్గర ముసలమ్మ కాడ ఉన్నాడు. ఆ వాకిలి దాటి కొడుకు దగ్గరికి రావడానికి మొన్నట్నించీ నడుస్తంది. నేను వచ్చేసినప్పుడు ఇంకా నడుస్తానే ఉంది. ముసలమ్మ గంజినీళ్ళు పడతంది గాని పాలకోసం వాడు గుక్కపట్టి ఏడుస్తన్నాడు."

"నువ్వెలా ఉన్నావురా?"

"నాకేటి, నడుస్తన్నాను. చేతిలో అక్షాంశాలు చూపించే మిషను చూస్తే నవ్వొస్తంది. రెండ్రోజులు నడిచినా అక్షాంశంలో చివరంకె కదల్లేదు. లోపలికి పోయేకొద్దీ ఇంకా ఎక్కువగా ఉందక్కా దూరం. ఆ ఊరు నడిమధ్యలో పడింది." గరగర మళ్ళీ పెరిగింది. "ఎవరూ లేరన్నావు కదే."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

తప్పు ఎక్కడ జరిగిందో వాగ్దేవికి వెతకక్కర్లేకపోయింది. నిలబడ్డచోటే తెలిసిపోయింది. ఏడాది కిందట ఈ పటాన్ని గోడకు పెద్దగా అచ్చు వేయించారు. పల్లెల పేర్లు ఒకదాని మీద ఒకటి పడి చదవడానికి వీల్లేకుండా ఉంటే, ఇరవై గడపల లోపు ఊళ్ళు కనిపించకుండా తీసేయమని ఆమే నియమం రాసింది. పటాలు గీసే ఎవరైనా చేసే పనే అది, చిన్న కాగితంలో లోకమంతా పట్టదు. పటం ముత్యంలా శుభ్రంగా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఖాళీ గడి వెతకాల్సి వచ్చినప్పుడు ఆమె అసలు సర్వే సమాచారం తెరవలేదు. ఎదురుగా వెలుగుతున్న ఆ శుభ్రమైన పటం మీదే వేలు పెట్టింది. తను చెరిపిన ఊళ్ళను తనే లేవనుకుంది.

"సార్, ఆపేయాలి," అంది.

విషయం విన్న పురుషోత్తం గారి ముఖం పాలిపోయింది. కానీ చెయ్యి అడ్డం పెట్టారు. "ఎలా ఆపుతావమ్మా? అంబులెన్సు తీసుకుని భీమన్న రెండో ట్రిప్పు బయలుదేరాడు. గుమ్మకొండ నుంచి నెలలు నిండిన మనిషి, నెత్తురు పోతోందట. ఇప్పుడు ఆపితే ఆ ఘాట్ రోడ్డు మళ్ళీ మునుపటంత అయిపోతుంది. మధ్యలో చచ్చిపోతుంది."

"అక్కడ చంటిబిడ్డ ఉన్నాడు సార్. మేకులు కుదిరితే ఆ ఊరి నడిబొడ్డు ధ్రువంలాంటిదైపోతుంది. ఇప్పుడు నడిస్తే ఎప్పటికో అప్పటికి చేరతారు. సాయంత్రం దాటితే ఎన్నేళ్ళు నడిచినా చేరరు."

"నా చెల్లెల్ని డోలీలో మోసుకొస్తుంటే ఆ ఘాట్ మీదే పోయింది," అన్నారాయన. గొంతు పెంచలేదు. "రెండో మలుపు దగ్గర. ఆ రోజు నుంచీ ఈ బల్ల కోసమే బతికాను. ఆపమని నాకు చెప్పకు. ఇంకేదైనా ఉంటే చెప్పు."

వాగ్దేవి బల్ల మీదికి వంగింది. తను రాసిన నియమాన్ని తీసేసింది. చూస్తుండగానే పటమంతా పొక్కులు లేచినట్టు చుక్కలు లేచాయి. వాగు పక్కన మూడు గడపలు, కొండ నడుమున అయిదు గడపలు, రాతిచరియ కింద రెండే రెండు. ఏ గడిని చూసినా ఎవరో ఒకరున్నారు. మేకులున్న మేర ఎంత వెతికినా తెల్లగా మిగిలిన చోటు ఒక్కటీ లేదు. సాగిన దూరాన్ని మాయం చేయడం కుదరదు. ఎవరి నెత్తినో పెట్టాలి.

"ఒక్కచోటుంది సార్," అంది చివరికి. "ఎవరూ లేరని మనం ఒట్టేసి చెప్పగలిగే చోటు."

పురుషోత్తం గారు ఆమె వేలు పెట్టిన చోటు చూశారు. ఆ వేలు వాళ్ళు నిలబడి ఉన్న ఆవరణ మీదే ఉంది. ఈ గది, క్వార్టర్సు, క్యాంటీను, చుట్టూ ప్రహరీ.

"ఇంత కొంచెం చోటులోనా? ఆ గడిలో సర్దిందంతా ఇక్కడ కుక్కితే ఎంత సాగుతుందో తెలుసా?"

"తెలుసు. అందరినీ బయటికి పంపండి. మీరే స్వయంగా తలలు లెక్కపెట్టండి. పటాన్ని నమ్మకండి."

"నీ తల?"

"సాగుడు నడిబొడ్డును మెల్లగా లాక్కురావాలి. తొందరపడితే నేల చిరుగుతుంది. చక్రాల మీద ఆఖరిదాకా చెయ్యి ఉండాలి." ఆయన నోరు తెరవబోతుంటే ఆపింది. "లెక్క రాసింది నేను సార్. నా చేతికే తెలుసు."

ఆయన గుమ్మం వైపు తిరిగారు. బయటికి వెళ్ళి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంటే కిటికీలోంచి వినిపించింది. క్యాంటీను వంటమనిషిని, పొయ్యి మీద పప్పును వదిలేసి రమ్మని కసురుతున్నారు. కాసేపటికి ఆయనే ఒక నీళ్ళ టిన్ను, అటుకుల సంచి, బెల్లం పొట్లం మోసుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టారు. చిన్న వైర్‌లెస్ ఆమె మెడలో వేశారు. చెయ్యి తల మీద పెట్టబోయి, మానుకుని, గబగబా వెళ్ళిపోయారు.

బల్లకు రెండు చక్రాలు. ఒకటి అక్షాంశానికి, ఒకటి రేఖాంశానికి. వాగ్దేవి రెండూ పట్టుకుని నడిబొడ్డును సీకాయగరువు మీంచి కదిలించింది. వెంట్రుకవాసి చొప్పున కదిలింది. ఊరు దాటింది, రాతిచరియ తప్పించింది, వాగు దాటింది. చెమట కనుబొమల మీంచి కంట్లోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

దారికి అడ్డంగా ఘాట్ రోడ్డు వచ్చింది. నడిబొడ్డు దగ్గరపడే కొద్దీ ఆ రోడ్డు మళ్ళీ సాగుతోంది, నిమిషాల్లో చేరాల్సిన బండి ఇంకా దాని మీదే ఉంది. తప్పించుకుని పోవడానికి లేదు, దాటాల్సిందే. నడిబొడ్డు రోడ్డు మీద ఉండగా అంబులెన్సు అక్కడికి వస్తే, ఆ బండి ఇక జన్మలో ఆసుపత్రి చేరదు.

"భీమన్నా, ఎక్కడున్నావు? రోడ్డు ఖాళీ చేశావా?"

"లేద్మేడమ్!" డ్రైవరు గొంతు వెనక ఆడమనిషి మూలుగు. "టైరు పోనాది. జాకీ ఎత్తేను, బోల్టు ఒకటి తిరగట్లేదు."

వాగ్దేవి చక్రాలు బిగించి పట్టుకుని ఆగింది. కిటికీలోంచి పొద్దు పెద్దకొండ శిఖరాన్ని తాకబోతూ కనిపిస్తోంది. ఇప్పుడు నడిబొడ్డు ఉన్నచోట మేకులు కుదిరిపోతే వాగు పక్కన మూడు గడపల వాళ్ళు చిక్కుకుపోతారు. దాటిస్తే భీమన్న బండి. ఒక చేతిలో ఒకరు, ఇంకో చేతిలో ఇంకొకరు ఉన్నట్టుంది. 

"భీమన్నా!"

"తిరిగింది మేడమ్, తిరిగింది! ఒక్క నిమసం!"

ఆ నిమిషం ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియలేదు. ఇంజను గర్జించింది. "రెండో మలుపు దాటేనండి! రోడ్డొదిలీసి ఆసుపత్రి దారెక్కీసేను!" అని వినపడగానే ఆమె చక్రం తిప్పింది. నడిబొడ్డు రోడ్డు దాటి ఇవతలకు పడింది.

అప్పుడే చిన్న వైర్‌లెస్‌లో నరహరి కేక వేశాడు. ఈసారి గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టు తేటగా ఉంది. "అక్కా! ఊరు దగ్గరకొచ్చేసింది! బండరాయి మీంచి ఊరంతా అగుపడతంది. గురువారి వాకిట్లో పడిపోయింది... లేచింది... పరిగెడతంది. అయిపోయింది అక్కా, గడప ఎక్కేసింది! ఏటి చేసేవు? ఎక్కడ పెట్టేవు ఆ దూరాన్ని?"

 వాగ్దేవి దగ్గర ఇప్పుడు ఒక్క జాగ్రత్తకే సమయం ఉంది. నడిబొడ్డును బల్ల దగ్గరికి తేకుండా, గది పక్క నుంచి దాటించి, వెనక ప్రహరీ మూలకు నెట్టింది. నడిబొడ్డు మీద నిలబడ్డ మనిషికి దారి ఉండదు. దానికి పక్కన, కొద్ది గజాల ఎడంగా ఉంటే చాలు, ఎంత పెద్దదైనా ఆ దూరానికి ఒక లెక్క ఉంటుంది.

గోడలు మెల్లగా వెనక్కి జరిగాయి. గుమ్మం చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, దూరాన వెలుగుతున్న అగ్గిపుల్ల తలంత అయింది. పొద్దు దిగింది. కొండల మీద మేకులన్నీ ఒక్కసారి గంట మోగినట్టు మోగి సద్దుమణిగాయి. బల్ల ఆరిపోయింది.

వాగ్దేవికి ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చింది, వినేవాళ్ళెవరూ లేరు గనక. తర్వాత నీళ్ళ టిన్ను భుజాన వేసుకుని, అటుకుల సంచి చంకన పెట్టుకుని, ఆ చుక్క వైపు నడక మొదలుపెట్టింది.

మర్నాడు ఎండెక్కాక నరహరి గేటు దగ్గరికి చేరాడు. ప్రహరీ అవతల అందరూ రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. గుమ్మకొండ తల్లి బతికిందని, బిడ్డ సంగతి డాక్టర్లు ఇంకా ఏమీ తేల్చడంలేదని ఎవరో చెబుతున్నారు. గేటు తెరిచే ఉంది. లోపల మట్టిదారి ఆకాశం దాకా పోయి ఆవిరిలో కలిసిపోతోంది. ఆ చివర, ఆవగింజంత, అక్క పనిచేసిన మేడ.

పురుషోత్తం గారు లేచి వచ్చారు. రాత్రి జీపు ఒకటి పంపితే అడుగున ఉన్న కాస్త డీజిలూ అయిపోయి, డ్రైవరు నడుచుకుంటూ వెనక్కి వచ్చాడట. ఆయన తన పాత సైకిలు తెచ్చి నరహరి చేతికిచ్చారు. దాని వెనక నీళ్ళ డబ్బాలు కట్టి ఉన్నాయి. ఇంకో ముగ్గురు కూడా సైకిళ్ళతో నిలబడ్డారు. కొద్ది దూరం చొప్పున నీళ్ళూ తిండీ దించుకుంటూ పోతామని, ఎన్నాళ్ళు పట్టినా సరేనని అన్నారు.

నరహరి మిషనులో అక్షాంశం అంకెలు చూసుకున్నాడు. వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కా."

చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత, నూతి అడుగు నుంచి, "చెప్పరా" అని వినిపించింది.

"నడుస్తన్నావా?"

"నడుస్తున్నాను. గది గుమ్మం నిన్నటికంటే పెద్దదైంది. ఇప్పుడు పెసరగింజంత ఉంది."

"ఎంత దూరమే మన మధ్య?"

ఆమెకు లెక్క తెలుసు. రాత్రంతా నడుస్తూ నోటితోనే కట్టింది. రెండుసార్లు కట్టినా అదే వచ్చింది.

"నడిస్తే తరిగేంత," అంది.

 బత్తాయిలు తెచ్చావా అని ఆమె అడిగితే, తెచ్చేను, నీకొక్కటే ఇస్తాను, మిగతావి నావి అన్నాడు నరహరి. సైకిలెక్కి గేటు దాటాడు.

ఆ పూటంతా తొక్కాడు. వెనక్కి చూస్తే గేటు చిన్నదైపోయింది, ముందుకు చూస్తే మేడ పెరగలేదు. మిషను వంక చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు, పెట్టుకున్న కాసేపటికే చూశాడు, మళ్ళీ చూశాడు. పొద్దు వాలుతుండగా ఒక కాలు నేల మీద ఆనించి సైకిలు ఆపి, అరచెయ్యి నీడ పట్టి మరోసారి చూశాడు. వెంటనే వైర్‌లెస్ తీశాడు.

"అక్కా," అని అరిచాడు. "చివరంకె కదిలిందే!"